పాత కారు వైరింగ్‌లో అర ఓమ్ అల్లరి

కారుకి పెయింట్ అయిపోయింది, లైట్లన్నీ కడిగి తుడిచి బిగించేశా, బ్యాటరీ తగిలించి బ్రేక్ తొక్కితే వెనక బ్రేక్ లైట్ వెలగాల్సింది పోయి ముందున్న ఇండికేటర్ మసక మసగ్గా వెలిగింది. ఇంకోసారి తొక్కినా అదే వరస. ఫ్యూజులు బానే ఉన్నాయి, బల్బులు కొత్తవి, స్విచ్ కూడా పనిచేస్తోంది. ఇలాంటప్పుడు మనం అందరం చేసే మొదటి పని తెగిన వైరు కోసం వెతకడం, నేనూ రెండు సాయంత్రాలు డిక్కీలో తలదూర్చి అదే చేశా, వైరు ఎక్కడా తెగలేదు.

అసలు కారులో వైరు తెగిపోవడం అనేది మనం అనుకున్నంత ఎక్కువగా జరగదు. జబ్బంతా జాయింట్ల దగ్గరే ఉంటుంది, అంటే లగ్గు (వైరు చివర తొడిగే లోహపు కొస), బల్బు హోల్డరు, కనెక్టరు, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి), ఫ్యూజు క్లిప్పు, ఇవి. ఎందుకో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేసుకోవాలి, 1827లో జార్జ్ ఓమ్ ప్రచురించిన సూత్రం తప్ప ఇంకేమీ అక్కర్లేదు, వోల్టులని రెసిస్టెన్స్‌తో, అంటే కరెంటుకి ఉన్న అడ్డుతో భాగిస్తే కరెంటు వస్తుంది, ఆ అడ్డుని కొలిచేది ఓమ్‌లలో.

ఇంట్లో 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు తీసుకోండి. దాని రెసిస్టెన్స్ వెలుగుతున్నప్పుడు సుమారు 880 ఓమ్‌లు. దానికి వెళ్ళే వైరులో ఎక్కడో ఒక అర ఓమ్ అదనంగా చేరిందనుకోండి, 880కి అర అంటే ఎంత, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇప్పుడు అదే 60 వాట్లు కారులో 12 వోల్టుల మీద వెలగాలి. కరెంటు 5 ఆంపియర్లు, బల్బు రెసిస్టెన్స్ 2.4 ఓమ్‌లు మాత్రమే. ఇక్కడ అదే అర ఓమ్ వచ్చి కూర్చుంటే మొత్తం 2.9 అవుతుంది, కరెంటు దాదాపు 4.1కి పడిపోతుంది, బల్బుకి 12 బదులు పది కన్నా తక్కువ వోల్టులే అందుతాయి. పోనీలే రెండు వోల్టులేగా అనుకుంటాం కానీ ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది, సుమారుగా మూడున్నరో ఘాతం చొప్పున, కాబట్టి ఆ రెండు వోల్టులు పోతే వెలుగు సగమైపోతుంది. పాత కారు హెడ్‌లైట్లు పసుపు పచ్చగా కొవ్వొత్తుల్లా వెలుగుతున్నాయని అద్దాలు, రిఫ్లెక్టర్లు మార్చేవాళ్ళని చూశా, తప్పు అక్కడ ఉండదు చాలాసార్లు.

6 వోల్టుల రోజుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. అదే 60 వాట్లకి 10 ఆంపియర్లు కావాలి, బల్బు రెసిస్టెన్స్ 0.6 ఓమ్, అంటే అర ఓమ్ చెడ్డ జాయింటు ఇంచుమించు ఇంకో బల్బంత అడ్డు. అమెరికన్ కార్లు 1950ల మధ్యలో 12 వోల్టులకి మారిపోయాయి, ఫోక్స్‌వాగన్ బీటిల్ మాత్రం 1960ల రెండో సగం దాకా 6తోనే నెట్టుకొచ్చింది. అలాంటి కారు బాగుచేస్తున్నవాళ్ళు జాయింట్ల విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి.

మరి ఆ పోయిన రెండు వోల్టులు ఏమయ్యాయి? జాయింటులో వేడిగా మారాయి. 4.1 ఆంపియర్లు, 2 వోల్టులు, అంటే 8 వాట్ల పైన. చిన్న సోల్డరింగ్ ఐరనే 25 వాట్లు ఉంటుంది, అందులో మూడో వంతు వేడి ఒక అగ్గిపుల్ల తలంత చోట గంటల తరబడి పుడుతోందన్నమాట. ఆ వేడికి లోహం ఇంకా ఆక్సిడైజ్ అవుతుంది, స్ప్రింగులా పట్టుకోవాల్సిన క్లిప్పు మెత్తబడి పట్టు వదిలేస్తుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ కనెక్టరు ఒక పిన్ను చుట్టూ మాత్రమే గోధుమరంగులోకి మాడి కనబడితే మీటరు కూడా అక్కర్లేదు, దొంగ అక్కడే ఉన్నాడు.

రెండు లోహాలు గట్టిగా నొక్కుకుని ఉన్నాయి కదా, అడ్డు ఎక్కడి నుంచి వస్తుంది అని నాకు చాలాకాలం అనుమానం ఉండేది. ఎంత నున్నగా కనబడినా దగ్గరగా చూస్తే లోహం పైభాగం కొండలు లోయల్లా ఉంటుంది, రెండు ముక్కలు ఆనుకుంటే ఆ శిఖరాలు మాత్రమే ఒకదానికొకటి తగులుతాయి, కరెంటు మొత్తం ఆ కొద్ది చుక్కల్లోంచే దూరి వెళ్ళాలి. ఈ సంగతిని లోతుగా చూసినవాడు రాగ్నర్ హోల్మ్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త (ఓమ్ వేరు, హోల్మ్ వేరు, నేను మొదట్లో కంగారుపడ్డా). గట్టిగా బిగిస్తే శిఖరాలు నలిగి తగిలే చోటు పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది, మధ్యలోకి తేమ వెళ్తే రాగి మీద ఆక్సైడు, పచ్చటి చిలుము పేరుకుంటాయి. రాగి ఆక్సైడు మామూలు మురికి కాదు, అదొక సెమీకండక్టరు, అంటే కరెంటుని సగం సగం పోనిచ్చే పదార్థం, 1920ల్లో ఆ పొరని వాడుకునే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లు తయారుచేశారు. మన టెయిల్ లైటు హోల్డరులో మాత్రం అది మనం అడక్కుండానే తయారవుతుంది.

ఇక వోల్టులూ ఓమ్‌లూ కొలిచే మల్టీమీటర్ సంగతి. ఇది అబద్ధం చెప్పదు కానీ మనం అడగని ప్రశ్నకి జవాబు చెబుతుంది. బల్బు తీసేసి హోల్డరులో ప్రోబ్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, హమ్మయ్య కరెంటు వస్తోంది అనుకుంటాం, బల్బు పెడితే వెలగదు. మామూలు డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్స్ సుమారు 10 మెగా ఓమ్‌లు, అంటే అది లాగే కరెంటు ఒక ఆంపియరులో పది లక్షలో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. దారిలో వెయ్యి ఓమ్‌ల చిలుము పొర ఉన్నా ఆ కాస్త కరెంటుకి పోయే వోల్టేజి ఒక వోల్టులో వెయ్యో వంతు, మీటరుకి తేడా కనబడదు. అదే వెయ్యి ఓమ్‌ల గుండా 5 ఆంపియర్లు పంపమంటే 12 వోల్టుల బ్యాటరీ వల్ల కాదు. అందుకే పాతకాలం మెకానిక్కులు వాడే వైరు కట్టిన బల్బు టెస్టరుని తక్కువ చెయ్యకండి, అది నిజంగా కరెంటు లాగి చూస్తుంది. ఒక్క షరతు, కంప్యూటర్లున్న కొత్త కార్లలో ఆ బల్బుతో గుచ్చకూడదు, మనం మాట్లాడుకునేది పాతవాటి గురించి.

మీటరుతో సరిగ్గా చూడాలంటే బల్బు వెలుగుతూ ఉండగానే చూడాలి. మీటరు ఎర్ర ప్రోబ్ బల్బు ఎర్త్ వైపు లోహానికి, నల్లది బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. ఎర్త్ దారి బాగుంటే ఒక వోల్టులో పదో వంతు, మహా అయితే రెండు పదో వంతులు చూపించాలి. ఒకటి రెండు వోల్టులు చూపించిందా, ఆ దారిలో ఎక్కడో మింగేస్తోంది, ప్రోబుని ఒక్కో బోల్టు దాటిస్తూ పోతే అంకె ఎక్కడ గభాలున పడిపోతుందో అదే చెడిపోయిన జాయింటు. ఇలాగే పాజిటివ్ వైపు కూడా చూడొచ్చు. నా వరకు వైరింగ్ పనిలో ఇంతకంటే పనికొచ్చే విద్య ఇంకోటి లేదు. ఓమ్‌ల సెట్టింగ్‌లో పెట్టి బల్బు కొలిచి కంగారుపడే వాళ్ళకి ఒక మాట, 21 వాట్ల బల్బుకి లెక్క ప్రకారం 6.9 ఓమ్‌లు రావాలి, మీటరు ఒకటి కూడా చూపించదు, బల్బు పాడవ్వలేదు, టంగ్‌స్టన్ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ అంతే, వేడెక్కితే పది రెట్లకి పైగా పెరుగుతుంది.

ఇప్పుడు మన ఇండికేటర్ దెయ్యం. కారులో ఒక్కో బల్బుకీ దాని వైరు ఒక్కటే వెళ్తుంది, తిరిగి వచ్చే దారి కారు బాడీయే. వెనక లైటు సెట్టులో బ్రేక్ బల్బు, టెయిల్ బల్బు, ఇండికేటర్ బల్బు అన్నిటికీ కలిపి ఎర్త్ ఒక్కటే, దాన్ని ఒక బోల్టుతో బాడీకి బిగిస్తారు. నేనేం చేశానంటే ఆ బోల్టు రంధ్రం చుట్టూ కూడా శుభ్రంగా ప్రైమరు, పెయింటు, క్లియర్ కోటు కొట్టించా. పెయింటు కరెంటుని పోనివ్వదు. బ్రేక్ తొక్కగానే కరెంటు బ్రేక్ బల్బు దాటి ఎర్త్ దాకా వచ్చింది, బాడీలోకి దారి లేదు, వెనక్కి తిరిగి పక్కనే ఉన్న ఇండికేటర్ బల్బులోకి తప్పుడు దిక్కు నుంచి దూరింది, దాని వైరు పట్టుకుని కారు పొడుగునా పోయి ముందు ఇండికేటర్ బల్బులోంచి అక్కడి ఎర్త్‌లో దిగింది. మూడు బల్బులు వరసలో పడ్డాయి, 12 వోల్టులు మూడు భాగాలయ్యాయి, అందుకే ఆ మసక వెలుగు. ఇంకొంచెం కరెంటు టెయిల్ బల్బు దారిన కూడా పోయి ఉంటుంది. మెరిసిపోతున్న కొత్త పెయింటుని ఎమరీ పేపరుతో గీకుతుంటే ప్రాణం ఉసూరుమంది కానీ రూపాయి బిళ్ళంత మేర లోహం బయటపడేదాకా గీకి, పళ్ళున్న వాషరు వేసి, బిగించాక పైన వాజలీను రాస్తే బ్రేక్ లైటు దర్జాగా వెలిగింది. వాజలీను ముందు కాదు, బిగించాకే, అది కరెంటు కోసం కాదు నీళ్ళు రాకుండా.

వైరు విషయానికొస్తే, పాత వైరు పై తొడుగు ఎందుకు పెళుసైపోతుందో చూడండి. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, వంగడానికి అందులో ప్లాస్టిసైజరు అనే నూనెలాంటిది కలుపుతారు, ఇంజన్ వేడికి ఏళ్ళ తరబడి అది మెల్లగా బయటికి వెళ్ళిపోతుంది, మిగిలింది వంచితే పటుక్కుమంటుంది. ఇంకా పాత కార్లలో రబ్బరు మీద నూలు అల్లిక ఉండేది, రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుందని రాగికి తగరం పూత పూసేవాళ్ళు. కాబట్టి తొడుగు వంచి చూడండి, పగిలితే ఆ వైరుకి టేపు చుట్టి లాభం లేదు, మార్చాల్సిందే. రంగులు చెరిగిపోయి ఏది ఎర్రో ఏది గోధుమో తెలియకపోతే హార్నెస్ (వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట) టేపు కొంచెం విప్పండి, లోపల ఎండా దుమ్మూ తగలని చోట రంగు ఇంకా ఉంటుంది. పాత బ్రిటిష్ కార్లలో గోధుమ రంగు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, ఫ్యూజు లేనిది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ అదే ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్. జర్మన్ కార్లలో రంగుల కంటే టెర్మినల్ నంబర్లు ముఖ్యం, 30 బ్యాటరీ, 15 తాళం, 31 ఎర్త్.

కొత్త వైరు కొనేటప్పుడు కత్తితో గీకి చూడండి, పైన రాగి పూత లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియం, దాని రెసిస్టెన్స్ అంతే మందం రాగి కన్నా ఒకటిన్నర రెట్లు పైనే. జాయింటుకి నేనైతే క్రింపింగే, అంటే లగ్గుని వైరు మీద నొక్కి బిగించడం. సరైన ప్లయరుతో నొక్కితే పోగులన్నీ నలిగి ఒకే ముద్దలా అయిపోతాయి, మధ్యలోకి గాలి కూడా వెళ్ళదు, చిలుముకి చోటుండదు. కటింగ్ ప్లేయరుతో నలిపిన దాన్ని మాత్రం క్రింపింగ్ అనకండి దయచేసి. సోల్డరింగ్ చెడ్డదని కాదు, కరిగిన సీసం తగరం పోగుల మధ్య పైదాకా పాకి గడ్డకడుతుంది, అది ఆగిన చోట మెత్తటి వైరు, గట్టి కడ్డీ కలుస్తాయి, ఇంజన్ కంపనానికి సరిగ్గా అక్కడే విరుగుతుంది, కాబట్టి సోల్డరు చేస్తే ఆ చోటు ఊగకుండా కట్టెయ్యాలి.

ఫ్యూజు గురించి ఒక్కటే చెప్తా, అది కాపాడేది బల్బుని కాదు వైరుని. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 3 మీటర్లు బాడీకి షార్ట్ అయితే దాని రెసిస్టెన్స్ 0.05 ఓమ్, మంచి బ్యాటరీ అందులోకి 200 ఆంపియర్లు తోసెయ్యగలదు, అంటే 2 కిలోవాట్ల వేడి, 27 గ్రాముల రాగిలో. సెకనుకి సుమారు 200 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, మీరు బానెట్ దాకా పరిగెత్తేలోపు హార్నెస్ మొత్తం అంటుకుంటుంది. పాత బ్రిటిష్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే కరెంటు, ఆగకుండా మోసేది 17 మాత్రమే, ఇప్పటి బ్లేడు ఫ్యూజు మీద అంకె మోసే కరెంటు, అందుకని ఆ పాత 35 తీసేసి ఇప్పటి 35 పెట్టారంటే కాపలా సగం తీసేసినట్టే. పనికి ముందు బ్యాటరీ ఎర్త్ వైపు టెర్మినల్ మొదట విప్పడం కూడా ఇందుకే, రెండో వైపు విప్పుతూ పానా బాడీకి తగిలితే అదే కథ.

మా కారులో ఇంకో ఫ్యూజు పెట్టగానే టప్పున పోయేది, నాలుగు తగలేశా. తర్వాత బుద్ధొచ్చి ఫ్యూజు చోట 21 వాట్ల బల్బు కట్టా. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటు 1.75 ఆంపియర్లు దాటదు కాబట్టి వైరుకి ఏ ప్రమాదం లేదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. హార్నెస్ ఒక చివర నుంచి చేత్తో కదుపుతూ వచ్చా. డాష్‌బోర్డు కింద ఏమీ లేదు, స్టీరింగ్ దగ్గర లేదు, డ్రైవర్ డోరు కీలు పక్కన రబ్బరు బుష్ ఊడిపోయిన రంధ్రం ఉంది, అక్కడ వైరు కొంచెం లాగగానే బల్బు ఆరిపోయింది, వదిలితే మళ్ళీ వెలిగింది. రేకు అంచుకి రాసుకుని తొడుగు కోసుకుపోయి బియ్యపు గింజంత రాగి కనబడుతోంది. ఆ ముక్క మార్చి, కొత్త బుష్ వేసి, 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టా, నిలబడింది. బల్బు, దానికి కట్టిన రెండు వైరు ముక్కలు ఇప్పటికీ ఆ కారు గ్లవ్ బాక్సులోనే ఉన్నాయి.