ఫిక్స్‌డ్ అడిగితే పాలసీ: బ్యాంకులపై కేసుల వెనక పాతికేళ్లు

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఫిక్స్‌డ్ చేద్దామని బ్రాంచికి వెళ్తారు. "అంతకన్నా మంచి స్కీమ్ ఉంది సార్, ఒక్కసారి కడితే చాలు" అంటారు. ఏడాది తిరిగాక రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వస్తుంది. చేతిలో ఉన్నది డిపాజిట్ కాదని, ఏటా కట్టాల్సిన బీమా పాలసీ అని అప్పుడు తెలుస్తుంది. హైదరాబాద్‌లో బ్యాంకు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాళ్ల దగ్గర వినిపించే గోడు ఇలాంటిదే. తప్పంతా కౌంటర్ దగ్గరి ఉద్యోగిదే అనుకోవడం తేలిక. అతని నెత్తిన టార్గెట్ ఎలా వచ్చిందో చూడాలంటే 2000 దాకా వెనక్కి వెళ్లాలి.

1999 చట్టంతో బీమా రంగంలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. మరుసటి ఏడాదే బ్యాంకులు బీమా అమ్ముకోవడానికి రిజర్వు బ్యాంకు దారి ఇచ్చింది. బ్యాంకుకు ఇది హాయైన వ్యాపారం. అప్పు మొండిబకాయి అవుతుందన్న టెన్షన్ లేదు, కమీషన్ మాత్రం వస్తుంది. పైగా ఎవరి ఖాతాలో ఎంతుందో, ఏ డిపాజిట్ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందో బ్యాంకుకు ముందే తెలుసు. ఇంటింటికీ తిరిగే ఏజెంటుకు ఆ వీలెక్కడిది?

తర్వాత యూలిప్‌ల జోరు. షేర్ మార్కెట్‌తో ముడిపడిన ఈ పాలసీలు ఎవరి పరిధిలోకి వస్తాయని 2010లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ బాహాటంగానే తగువులాడుకున్నాయి. కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి బీమా నియంత్రణ సంస్థ వైపు తీర్పు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి లాకిన్ (డబ్బు వెనక్కి తీసుకోవడానికి వీల్లేని గడువు) మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఆ ఐఆర్‌డీఏ కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, అప్పట్లో బషీర్‌బాగ్‌లో, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో. ఊళ్లో ఉన్నంత మాత్రాన ఊరివాళ్లకు ఒరిగిందేమీ లేదనుకోండి.

చట్టం లేక కాదు ఈ గొడవ. తప్పుడు మాట చెప్పి కుదుర్చుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. కానీ అందులో ఒక మెలిక: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఆ హక్కు దక్కకపోవచ్చు. కావాలని చెప్పిన అబద్ధానికి ఈ మెలిక వర్తించదు. అయితే అది కావాలనే చెప్పారని రుజువు చేసేదెలా? మాట నోటితో చెప్పారు, సంతకం కాగితం మీద ఉంది. కంపెనీ నుంచి వెరిఫికేషన్ కాల్ వస్తే "అన్నింటికీ ఎస్ అనండి సార్" అని పక్కనుంచి చెప్పినవాళ్ల గొంతు రికార్డులో ఉండదు. అందుకే బ్యాంకు తరఫు వకీలు ముందుగా తీసేది ప్రపోజల్ ఫారమే.

1986 వినియోగదారుల చట్టం బ్యాంకింగ్‌నూ బీమానూ సేవలుగానే చూసింది. అయినా యూలిప్ కొన్నది పెట్టుబడి లాభం కోసం కాబట్టి అతను వినియోగదారుడే కాడని 2013లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక కేసులో అంది. రిటైరైన మనిషిని సట్టా వ్యాపారితో సమానం చేయడం నాకైతే మింగుడు పడదు.

నిజంగా ఆశ్చర్యం కలిగించేది అంబుడ్స్‌మన్ సంగతి, అంటే బ్యాంకులపై ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి సంగతి. బ్యాంకులు బీమా, మ్యూచువల్ ఫండ్లు అమ్మడంలో జరిగే లోపాలను బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకంలోకి స్పష్టంగా తెచ్చింది 2017 జులైలో. అమ్మకానికి దారి తెరిచిన 17 ఏళ్లకు! మరోవైపు యెస్ బ్యాంక్ ఏటీ1 బాండ్ల (బ్యాంకు కష్టాల్లో పడితే పెట్టిన డబ్బు పోయే బాండ్ల) వ్యవహారం నడిచింది. 2020లో 8,415 కోట్ల రూపాయల బాండ్లు రద్దయ్యాయి. వీటిని 'సూపర్ ఎఫ్‌డీ' అంటూ అమ్మారని తేల్చి 2021లో సెబీ ఆ బ్యాంకుకు 25 కోట్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వుపై అప్పిలేట్ ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. అంటే బీమా ఒక్కటే కాదు, డిపాజిట్ పేరు చెబితే జనం నమ్ముతారని అందరికీ తెలుసు.

ఇప్పుడు పాలసీ చేతికందిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. అది దాటితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. అయితే అదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తుంటే అక్కడ తీసుకోరు. 2019 చట్టం ప్రకారం, కట్టిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. ఐదు లక్షల దాకా ఫీజు లేదు. గడువు రెండేళ్లు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, రెండో ప్రీమియం మెసేజ్ వచ్చేదాకా సంగతే తెలియని మనిషికి అప్పటికే ఒక ఏడాది గడిచిపోయి ఉంటుంది.