చిన్న చిప్పే ముందెందుకు వస్తుంది?

కొత్త తరం ప్రాసెసర్లు వచ్చేశాయని ఆర్భాటంగా ప్రకటిస్తారు. తీరా చూస్తే సన్నటి ల్యాప్‌టాప్‌లలో వాడే రకం ఒక్కటే దొరుకుతుంది. డెస్క్‌టాప్ చిప్ కావాలంటే ఇంకా నెలల తరబడి ఆగాలి. ఇందులో మార్కెటింగ్ లెక్కలు లేవని కాదు, కానీ అసలు ముడి ఫ్యాక్టరీలోనే పడుతుంది.

ఇంటెల్ బ్రాడ్‌వెల్ తరం ప్రాసెసర్ల సంగతే చూడండి. 14 నానోమీటర్ల పద్ధతిలో (ఈ అంకె తగ్గేకొద్దీ చిప్‌లోని భాగాలు ఇంకా చిన్నవని అర్థం) వాటి ఉత్పత్తి 2013లోనే మొదలవ్వాలి. వేఫర్ల మీద, అంటే చిప్‌లను తయారుచేసి కోసే గుండ్రటి సిలికాన్ పలకల మీద, లోపాలు అనుకున్నదానికన్నా ఎక్కువున్నాయని ఆ అక్టోబరులో అప్పటి సీఈఓ బ్రయాన్ క్రజానిచ్ ఒప్పుకున్నారు. చివరికి 2014 సెప్టెంబరులో సన్నటి ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన కోర్ ఎం, 2015 జనవరిలో మామూలు ల్యాప్‌టాప్ చిప్‌లు, జూన్‌లో డెస్క్‌టాప్‌వి వచ్చాయి. పాపం, ఆ డెస్క్‌టాప్ చిప్‌లు వచ్చిన రెండు నెలలకే తర్వాతి తరం స్కైలేక్ దిగిపోయింది.

అన్నిటికన్నా ముందొచ్చిన కోర్ ఎం సైజు 82 చదరపు మిల్లీమీటర్లే. కిటుకంతా అక్కడే ఉంది. ఒక వేఫర్ మీద ఎక్కడపడితే అక్కడ 100 లోపాలు పడ్డాయనుకుందాం, ఒక్క లోపం తగిలినా ఆ చిప్ పోయినట్టే అనుకుందాం. దాని మీద 700 చిన్న చిప్‌లుంటే దాదాపు 600 బతికి బయటపడతాయి. అదే వేఫర్‌లో 100 పెద్ద చిప్‌లే పడితే, మిగిలేవి 40 కూడా ఉండవు. లోపాలు అవే, ఖర్చూ అదే. పైగా ఒక వేఫర్ తయారై బయటికి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి దిద్దుబాటు ఫలితం ఇవాళ్టికివాళ తెలియదు. అందుకే లోపాలు తగ్గేదాకా చిన్నవాటితో నెట్టుకొస్తారు.

ఇంటెల్ తర్వాతి పద్ధతి 10 నానోమీటర్ల దగ్గర ఆ చిన్నదీ సరిగ్గా రాలేదు. 2018లో కానన్ లేక్ పేరుతో వచ్చిన కోర్ ఐ3-8121యూలో గ్రాఫిక్స్ భాగం పనిచేయకుండా ఆపేసి అమ్మారు. అదే ఏడాది పాత 14 నానోమీటర్ల చిప్‌లకూ కొరత వచ్చి పడింది.

ఇంటెల్ పోటీ కంపెనీ ఏఎండీ ఇంకో దారి పట్టింది. పెద్ద చిప్ చేయడం మానేసి, 2019లో తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీ 7 నానోమీటర్ల పద్ధతిలో చేసిన చిప్‌లెట్లను, అంటే చిన్న చిప్ ముక్కలను, పక్కపక్కన అతికించింది. యీల్డ్ (వేఫర్‌లో పనికొచ్చే చిప్‌ల వాటా) బెడద చాలావరకు తీరింది కానీ, డెస్క్‌టాప్‌లకు వాడే రైజెన్‌కూ సర్వర్లకు వాడే ఎపిక్‌కూ కావాల్సింది అవే చిప్‌లెట్లు. సెప్టెంబరులో వస్తుందన్న 16 కోర్ల రైజెన్ 9 3950ఎక్స్ నవంబరుకు జరిగింది. అప్పటికే మార్కెట్లో ఉన్న మోడళ్లకు గిరాకీ తీర్చడమే ముందు పని అని కంపెనీ చెప్పింది.