స్టోనిత్ ఆపేసిన క్లస్టర్: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్లకు హై అవైలబిలిటీ క్లస్టర్లు (ఒక సర్వర్ ఆగినా సేవ ఆగకుండా కలిసి పనిచేసే సర్వర్ల గుంపులు) నేర్పుతున్న నాకు ప్రతి బ్యాచ్‌లోనూ తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "సార్, స్టోనిత్ ఆపేస్తేనే కదా క్లస్టర్ పనిచేస్తోంది, మళ్లీ దాన్ని పెట్టమంటారేమిటి?"

స్టోనిత్ అంటే ఫెన్సింగ్, అంటే జవాబివ్వని సర్వర్‌ను బలవంతంగా ఆపేసే ఏర్పాటు. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ఫెన్సింగ్ పరికరం ఏదీ నిర్వచించకుండా రిసోర్స్ (క్లస్టర్ నడపాల్సిన సేవ) సృష్టిస్తే, క్లస్టర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన పేస్‌మేకర్ దాన్ని స్టార్ట్ చేయదు. లాగ్‌లో కనిపించిన ఎర్రర్‌ను గూగుల్‌లో వెతికితే స్టోనిత్-ఎనేబుల్డ్ విలువను ఫాల్స్ చేయమనే సలహా ముందుగా దొరుకుతుంది. అలా చేయగానే వర్చువల్ ఐపీ (ఏ సర్వర్ మీదికైనా మారగల అడ్రస్) లేచి నిలబడుతుంది, నేర్చుకునేవారి ముఖం వెలిగిపోతుంది, అదే కమాండ్ నోట్‌బుక్‌లోంచి ఆర్నెల్ల తర్వాత ఏదో ఒక ప్రొడక్షన్ సర్వర్‌లోకి చేరుతుంది.

అపోహ: ఫెన్సింగ్ అదనపు హంగు, ఒక నోడ్ (క్లస్టర్‌లోని సర్వర్) పోతే రెండోది ఎలాగూ పని అందుకుంటుంది.

వాస్తవం: రెండో నోడ్‌కు తెలిసేది మొదటి నోడ్ నుంచి జవాబు రావడం లేదన్నది మాత్రమే. ఆ నోడ్ నిజంగా ఆగిపోయి ఉండవచ్చు, నెట్‌వర్క్ తెగి ఉండవచ్చు, లేదా డిస్క్ దగ్గర కాసేపు బిగుసుకుపోయి మళ్లీ తేరుకుని, ఆగిన చోటు నుంచే రాయడం మొదలుపెట్టవచ్చు. ఈ మూడింటినీ దూరం నుంచి వేరు చేసి చెప్పగల మార్గం లేదు గనుక, దాని కరెంటు తీసేసి, తీసినట్టు ఖరారు చేసుకున్నాకే రెండో నోడ్ ఉమ్మడి డిస్క్‌ను ముట్టుకోవాలి. 'అవతలి నోడ్‌ను తలలో కాల్చు' అనే మొరటు ఆంగ్ల వాక్యంలోని మొదటి అక్షరాలే స్టోనిత్ అన్న పేరయ్యాయి.

రెండు నోడ్ల క్లస్టర్‌లో ఈ అవసరం మరీ ఎక్కువ. రెండు ఓట్లలో మెజారిటీ అంటే రెండే కాబట్టి, నోడ్ల మధ్య సమాచారం నడిపే కోరోసింక్‌లో టూ-నోడ్ సెట్టింగ్ పెట్టి ఒక్క ఓటుకే క్వోరమ్ (పనిచేయడానికి కావాల్సినన్ని ఓట్లు) వచ్చేలా చేస్తాం. లింకు తెగిన క్షణంలో రెండు నోడ్లకూ క్వోరమ్ ఉన్నట్టే లెక్క, అప్పుడు వాటిని ఆపగలిగేది ఫెన్సింగ్ ఒక్కటే.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక సంస్థలో రెండు నోడ్లు, ఒక శాన్ డిస్క్ (నెట్‌వర్క్ ద్వారా రెండూ వాడే డిస్క్), దానిమీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ పెట్టి, స్టోనిత్‌ను నా చేతులతోనే ఆపేశాను. హార్ట్‌బీట్ (బతికే ఉన్నామని నోడ్లు పంపుకునే సంకేతం) అంతా ఒకే స్విచ్ మీదుగా వెళ్లేది. ఒక రాత్రి నెట్‌వర్క్ బృందం ఆ స్విచ్‌కు ఫర్మ్‌వేర్ మార్చింది. అది రీబూట్ అయ్యేలోపు, ఒకేసారి ఒక్క నోడే మౌంట్ చేయాల్సిన ఆ ఫైల్ సిస్టమ్‌ను రెండు నోడ్లూ మౌంట్ చేసేశాయి. ఉదయం ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే, అది దొరికిన ఫైళ్లను పడేసే లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీ నిండా పేర్లు పోయిన ఫైళ్లే: హ్యాష్ గుర్తు, దాని వెనుక ఒక అంకె, అంతే. ఏది ఇన్వాయిస్సో, ఏది లాగ్ ఫైలో పేరు చూసి చెప్పే వీలు లేదు. చివరికి ముందు రోజు బ్యాకప్ ఎక్కించాం, అకౌంట్స్ వాళ్లు ఒక రోజు ఎంట్రీలన్నీ కాగితాలు చూసి మళ్లీ కొట్టారు. వాళ్లలో ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధించింది.

"ప్రొడక్షన్ సర్వర్‌ను స్టోనితే ఆపేస్తే నా ఉద్యోగం ఉంటుందా సార్?" అని భయపడేవారిని నేను తప్పుపట్టను. రెండు నోడ్లూ ఒకదాన్నొకటి ఒకేసారి కాల్చుకునే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే ఒక నోడ్ మీది ఫెన్సింగ్‌కు కొన్ని సెకన్ల డిలే పెడతాం. ఫెన్సింగ్‌కు వాడే ఐడ్రాక్, ఐలో వంటివి (సర్వర్‌లోనే ఉండి దాన్ని దూరం నుంచి ఆపనిచ్చే భాగాలు) సర్వర్ కరెంటుతోనే నడుస్తాయి కాబట్టి, సర్వర్‌కు కరెంటు పూర్తిగా పోతే అవీ పలకవు, ఫెన్సింగ్ విఫలమై క్లస్టర్ నిలిచిపోతుంది. దానికి రెండో స్థాయిగా పీడీయూను (సర్వర్లకు కరెంటు పంచే పరికరం) చేర్చాలి. భయానికి మందు ఇలాంటి కాన్ఫిగరేషనే, ఫాల్స్ అనే విలువ కాదు.

ఇక మిగిలినవి. క్లస్టర్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదంటారు. పొరపాటున డిలీట్ చేసిన టేబుల్ రెండో నోడ్‌లోని నకలు, అంటే రెప్లికాలోనూ అంతే శ్రద్ధగా డిలీట్ అవుతుంది. క్లస్టర్ అంటే డౌన్‌టైమ్ సున్నా అంటారు. ఫెయిలోవర్‌కు (పని రెండో నోడ్‌కు మారడానికి) సమయం పడుతుంది, 99.99 శాతం అన్నా ఏడాదికి దాదాపు 52 నిమిషాలు ఆగవచ్చనే అర్థం. క్లౌడ్‌లో ఫెన్సింగ్ ఉండదన్నది వట్టి పుకారు. ఏడబ్ల్యూఎస్‌కూ అజూర్‌కూ ఫెన్స్ ఏజెంట్లు ఉన్నాయి. ఆటోమేటిక్ ఫెయిలోవర్ ఉంటే నిశ్చింత అనేవారికి గిట్‌హబ్ సంగతి చెబుతాను: 2018 అక్టోబరు 21న అక్కడ నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే. ఆ కాస్తలో డేటాబేస్ ప్రైమరీలు (డేటా రాసే ప్రధాన సర్వర్లు) అమెరికా పశ్చిమ తీరానికి మారిపోయాయి, రెండు తీరాల్లోనూ ఎదుటివైపు లేని డేటా రాతలు మిగిలాయి, సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

నోడ్‌ను మర్యాదగా షట్‌డౌన్ చేసి, ఫెయిలోవర్ అయిందని టెస్ట్ రిపోర్టు రాసేవారితో నాకు ఓపిక తక్కువ. నా క్లాసులో ఒకరు హార్ట్‌బీట్ లింకు తెంపుతారు, మరొకరు కెర్నల్‌ను కావాలనే క్రాష్ చేస్తారు, మిగతావారు స్టేటస్ స్క్రీన్ చూస్తారు. పోయిన నోడ్ పక్కన మొదట 'అన్‌క్లీన్' అని కనిపించాలి, ఫెన్సింగ్ విజయవంతమైనట్టు లాగ్‌లో నమోదవ్వాలి, ఆ తర్వాతే డిస్క్ రెండో నోడ్ మీద మౌంట్ అవ్వాలి. ఈ వరుస తప్పితే ఆ బృందం ల్యాబ్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.