ఆశ్వయుజ, కార్తీకాల్లో చెన్నై సముద్రం మీద గాలం వేట: అపోహలు, వాస్తవాలు

అపోహ: సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సముద్రం ఒకేలా ఉంటుంది, సముద్రం అడుగున చేపలు చేరే రాయి ఒకసారి దొరికితే దాని దగ్గర ఎప్పుడు లంగరేసినా ఒకటే.

ఈ మూడు నెలల్లో చెన్నై ముందున్నది ఒక సముద్రం కాదు, రెండు. సెప్టెంబరులో పొద్దున పూట గాలి నేల మీద నుంచి వీస్తుంది, తీరం దగ్గర నీళ్లు నునుపుగా ఉంటాయి, మధ్యాహ్నం తర్వాతే అల లేస్తుంది. సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనం వస్తుంది. ఇక వాడై, అంటే ఈశాన్యపు గాలి, నేరుగా ఒడ్డు మీదికే కొడుతుంది. నీటి నడక కూడా తిరగబడుతుంది. అప్పటిదాకా ఉత్తరానికి పోయిన ప్రవాహం అక్టోబరు నుంచి దక్షిణానికి మళ్లుతుంది. ఇక్కడి తమిళ జాలర్లు దక్షిణం నుంచి వచ్చే నీటిని తెండి అని, ఉత్తరం నుంచి దిగేదాన్ని వన్ని అని అంటారు. వన్నితో పాటు గంగా బ్రహ్మపుత్రల నీరు, మన గోదావరి, కృష్ణల నీరు కూడా ఉప్పు తగ్గిన పైపొరగా ఇక్కడిదాకా దిగుతుంది.

దీంతో పడవ మీద మారేది లంగరు చోటు. తెండి ఉన్నప్పుడు పడవ లంగరుకు ఉత్తరంగా వేలాడుతుంది కనుక రాయికి దక్షిణంగా లంగరెయ్యాలి. వన్ని మొదలయ్యాక రాయికి ఉత్తరంగా వెయ్యాలి. జీపీఎస్‌లో గుర్తు అదే అయినా ఎర రాయికి అటువైపు పడితే కలవా, శంకరా లాంటి రాతి చేపలేవీ ముట్టవు. లంగరు తాడు లోతుకు కనీసం మూడింతలు వదలాలి, అంటే 25 మీటర్ల నీటిలో 75 మీటర్లు. గాలి పెరిగితే అయిదింతలు. తాడు పొదుపు చేస్తే లంగరు ఇసుకలో జారి, పడవ కాస్తా రాయి దాటిపోతుంది.

అపోహ: గాలి లేదంటే సముద్రం శాంతంగా ఉన్నట్టే.

ప్రమాదం తెచ్చిపెట్టే నమ్మకం ఇది. ఎక్కడో బంగాళాఖాతం మధ్యలో వాయుగుండం తిరుగుతుంటే దాని ఉబ్బు అలలు గాలి కన్నా ముందే ఒడ్డు చేరతాయి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచనలో అల ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. ఆరు సెకన్ల మీటరున్నర అల లోపల కుదిపేస్తుంది, కానీ కంటికి తెలుస్తుంది. పన్నెండు, పద్నాలుగు సెకన్ల మీటరు అల లోతులో ఉన్నట్టే తెలియదు. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం ఇసుక మీదికి ఫైబర్ పడవ తిరిగి వచ్చేటప్పుడు మాత్రం లేచి విరుగుతుంది. పడవలు బోల్తా పడేది తరచూ ఒడ్డుకు చేరేటప్పుడే. 2012 అక్టోబరు 31న నీలం తుపానుకు ఒక ఆయిల్ ట్యాంకరే లంగరు ఈడ్చుకుంటూ బీసెంట్ నగర్ దగ్గర ఒడ్డెక్కింది. దాని ముందు అవుట్‌బోర్డ్ మోటారు పడవ ఎంత!

ఉరుము వినిపించగానే రాడ్లు పడుకోబెట్టాలి. కార్బన్ రాడ్ విద్యుత్తును బాగా మోస్తుంది.

అపోహ: వానలు పడితే పండుగప్ప ఎక్కడైనా పడుతుంది.

వాన ఒక్కటే చాలదు, ముఖద్వారం తెరుచుకోవాలి. ముట్టుకాడు, ఎన్నూరు, పులికాట్ దగ్గర ఇసుక తిన్నె తెగి లోపలి నీరు బయటికి పారుతుంటే చిన్న చేప, రొయ్య దానితో కొట్టుకొస్తాయి. పండుగప్ప వాటి కోసం బురద నీరు, పచ్చ నీరు కలిసే గీత దగ్గర కాచుకుంటుంది. లూర్ (కృత్రిమ ఎర) బురద మధ్యలో కాక ఆ గీత వెంటే లాగాలి. చెన్నైలో పోటుకు, ఆటుకు తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ సుమారు మీటరే, అష్టమి ప్రాంతంలో అందులో సగం లోపే. కాబట్టి అమావాస్య, పౌర్ణములకుండే గుణం నీటి వేగానిదే, చంద్రుడు నేరుగా చేపకు చేసే మహిమ ఏమీ లేదు. ఆటు చివరి రెండు గంటలు వదలకండి. కూవం, అడయారు ముఖద్వారాల్లోనూ చేప పడుతుంది గానీ ఆ మురుగులో పెరిగినదాన్ని తినకపోవడమే మంచిది.

అపోహ: వంజరానికి లావు తాడు, బిగించిన డ్రాగ్ (తాడు జారకుండా ఆపే రీలు బ్రేకు) కావాలి.

వంజరం తాడును తెంపదు, పంటితో కోస్తుంది. కాబట్టి 40 పౌన్ల బ్రెయిడ్ (అల్లిన తాడు) చాలు, చివర 30 నుంచి 40 సెంటీమీటర్ల ఒంటి పోగు స్టీల్ వైర్ ఉండాలి. వైర్ ఇంకా పొడుగైతే లూర్ ఆట చెడుతుంది. ట్రోలింగ్‌కు, అంటే పడవ వెనక లూర్ ఈడ్చే వేటకు, పడవ 5, 6 నాట్ల వేగంతో నడవాలి, లూర్ 20 నుంచి 30 మీటర్ల వెనక రావాలి. 40 పౌన్లంటే సుమారు 18 కిలోలు, డ్రాగ్ అందులో పావు దాటకూడదు. వంజరం మొదటి పరుగుకు 3 కిలోలే మేలు, లేదంటే హుక్ నోరు చీల్చుకుని బయటికొస్తుంది. స్ప్రింగు కాటాతో కొలిచి పెట్టుకోండి, వేలితో లాగి చూసి అంచనా వెయ్యొద్దు.

అపోహ: ఇన్‌కాయిస్ చేపల మ్యాప్ చెప్పిన చోట చేప ఉంటుంది.

అది చేపను చూసి చెప్పేది కాదు. ఉపగ్రహాలు చూసే నీటి ఉష్ణోగ్రత, పత్రహరితం ఆధారంగా చేప చేరే అవకాశమున్న చోట్లు చెబుతుంది. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీరు కనిపించదు, అందుకే సరిగ్గా ఈ వానల్లోనే సమాచారానికి ఖాళీలు వస్తాయి. ఆ రోజుల్లో కవ్వలు, కానాగంతల గుంపు మీద మూగే పక్షులను నమ్ముకోండి. గుంపు మధ్యలోకి పడవ తోలితే చేపలు లోతుకు దిగిపోతాయి. ఇంజను తగ్గించి పక్కనుంచి విసరాలి.

అపోహ: ఇప్పుడే పట్టిన చేపకు ఐసు ఎందుకు?

వంజరం, కానాగంత, ట్యూనా కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. వేడికి బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. వాసన రాకముందే అది చేరవచ్చు, పులుసు ఎంత మరిగించినా పోదు. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు వస్తే చాలామంది చేప ఒంటికి పడలేదనుకుంటారు. కిలో చేపకు కిలో ఐసు లెక్కన నలగ్గొట్టిన ఐసు పడవ ఎక్కేముందే పెట్టెలో ఉండాలి. పట్టగానే రక్తం పోనిచ్చి, పేగులు తీసి, పొట్టలో కూడా ఐసు నింపాలి. ఐసు కరిగిన నీళ్లు బయటికి పోయేలా పెట్టె అడుగు బిరడా తీసి ఉంచండి.