అమ్మ కావాలనే తప్పు ఎందుకు రాస్తోంది?

కావలి.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"అమ్మ తప్పు ప్రోగ్రాము రాసి, కంపైలర్ హెచ్చరించగానే సంతోషిస్తోంది. ఎందుకు తాతయ్యా?" అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటరు నడపగలిగే రూపంలోకి మార్చే సాధనం.

నా చిన్నతనంలో కోతలయ్యాక మా కళ్ళంలో మొలగొలుకుల కుప్పలు వేసేవారు. రాత్రిళ్ళు ఒక పెద్దాయన కాపలా ఉండేవాడు. ఒక అమావాస్య రాత్రి మా నాన్న నన్ను లేపి, "తూర్పు కుప్పలోంచి ఒక పన లాక్కురా" అన్నారు. సొంత కళ్ళంలో దొంగతనమా అని వణికిపోయాను. నా చెయ్యి తగిలిందో లేదో, చీకట్లోంచి కేక: "తూర్పు కుప్ప దగ్గర ఎవరది?" నాన్న ముఖం వెలిగిపోయింది.

మరునాడు నాన్నే లాంతరు పట్టుకుని ఆయనకు అన్నం తీసుకెళ్ళారు. ఆ రాత్రి కేక లేదు. అదీ పరీక్షే. ప్రతి అలికిడికీ అరిస్తే ఊరు లేవడం మానేస్తుంది. ఏ కుప్పో చెప్పకుండా అరిచినా ప్రయోజనం లేదు, జనం కర్రలు పట్టుకుని పడమటి కుప్ప చుట్టూ తిరుగుతారు.

కంపైలరూ అలాంటి కాపలాదారే. ప్రోగ్రాములు రాసే సి ప్లస్ ప్లస్ భాషతో వచ్చే ప్రామాణిక లైబ్రరీలో, అంటే అందరూ వాడుకునేందుకు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కల్లో, వెక్టర్ అనే వరస ఉంది. దానికి 'ఎంప్టీ' అనే ఫంక్షన్ ఉంది. పేరు చూసి వరసను ఖాళీ చేస్తుందని కొందరు పొరబడతారు. అది ఖాళీగా ఉందో లేదో చెబుతుంది, అంతే. జవాబు పట్టించుకోకపోతే వరస నిండుగానే మిగులుతుంది. (అడిగి, జవాబు వినకుండా పరుగెత్తడం మీకూ ఉంది. మానుకోండి.) జవాబును పారేస్తే కంపైలర్ హెచ్చరించేందుకు ఆ భాష నియమాలు చెప్పే 2017 ప్రమాణంలో 'నోడిస్కార్డ్' అనే గుర్తు వచ్చింది. 2020 ప్రమాణంలో ఎంప్టీకి దాన్ని తగిలించారు.

లైబ్రరీని సర్దుతూ ఎవరైనా ఆ గుర్తును పొరపాటున తీసేస్తే? ప్రోగ్రాములన్నీ మునుపటిలాగే నడుస్తాయి. కేక ఒక్కటే ఆగిపోతుంది. వినిపించని కేకను ఎవరు గమనిస్తారు? అందుకే అమ్మ ఆ తప్పును తానే రాసి, పక్కన వ్యాఖ్యలో, అంటే ప్రోగ్రాములో భాగంగా నడవని గమనికలో, ఏ హెచ్చరిక రావాలో రాస్తుంది. పరీక్ష పద్ధతిలో నడిపితే, క్లాంగ్ అనే కంపైలర్ తన హెచ్చరికలను ఆ వ్యాఖ్యతో సరిచూస్తుంది. రావలసిన చోట హెచ్చరిక రాకపోయినా, చెప్పని చోట వచ్చినా పరీక్ష తప్పినట్టే.

ఇంతకంటే లోతు అమ్మే చెప్పాలి. ఈ రాత్రి తన పక్కన కూర్చుని, అలాంటి తప్పు ఒకటి మామూలుగా కంపైల్ చేసి చూపించమనండి. హెచ్చరిక కింద ఒక చిన్న బాణం మొన కనిపిస్తుంది. అది ఏ అక్షరం కింద నిలబడిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య