సీఆర్పీ, పీసీటీ రిపోర్టుల మీద అపోహలు - వాస్తవాలు

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తానని తెలిసిన ప్రతివాళ్ళూ రిపోర్ట్ ఫొటో వాట్సాప్‌లో పడేసి అడుగుతారు, ప్రోకాల్సిటోనిన్ (పీసీటీ) 6 వచ్చింది, రక్తమంతా సెప్టిక్ అయిపోయిందా అని. సీఆర్పీ, పీసీటీ అంటే ఇన్ఫెక్షన్ లాంటివి వచ్చినప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్లు. వీటి మీద ఎక్కువగా వినేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: పీసీటీ పెరిగితే రక్తంలో బ్యాక్టీరియా ఉన్నట్టే.

కాదండీ. ఈ టెస్టులేవీ బ్యాక్టీరియాని చూడవు, దానికి మన ఒళ్ళు ఎంత గోల చేస్తోందో కొలుస్తాయి, అంతే. కుక్క మొరిగినంత మాత్రాన దొంగే వచ్చాడనుకోలేం కదా. ముందు తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) అనే సిగ్నల్ ప్రోటీన్ వదుల్తాయి, ఆ సిగ్నల్ లివర్‌కి అందితే అక్కడ సీఆర్పీ తయారవుతుంది. పీసీటీ మామూలుగా థైరాయిడ్‌లో కాస్తంత తయారవుతుంది, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరితే మాత్రం లివర్, కొవ్వు, ఇలా ఒళ్ళంతా దాన్ని రక్తంలోకి వదులుతుంది. వైరల్ జ్వరాల్లో సాధారణంగా అంత పెరగదు, దాని విలువంతా అక్కడే. కానీ పెద్ద ఆపరేషన్ అయినా, యాక్సిడెంట్లో బాగా దెబ్బలు తగిలినా, కాలిన గాయాలున్నా పెరుగుతుంది, సివియర్ మలేరియాలోనూ పెరుగుతుంది, పుట్టిన బిడ్డకైతే మొదటి 2 రోజులు ఏ జబ్బూ లేకుండానే ఎక్కువ ఉంటుంది.

అపోహ: నార్మల్ వచ్చింది, ఇంక భయం లేదు.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఐఎల్-6 గంట రెండు గంటల్లో లేస్తుంది, పీసీటీకి 3 నుంచి 6 గంటలు, సీఆర్పీకి 6 నుంచి 12 గంటలు పడుతుంది, అది పీక్‌కి వెళ్ళేసరికి దాదాపు రెండో రోజు. వణుకుజ్వరం మొదలైన రెండు గంటలకే తీసిన శాంపిల్‌లో సీఆర్పీ 4 అని నార్మల్‌గా ఉంటే దానికి అర్థమేముంది చెప్పండి? కీళ్ళవాతానికి టోసిలిజుమాబ్ వాడేవాళ్ళలో ఆ మందు ఐఎల్-6 దారినే మూసేస్తుంది కాబట్టి ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్పీ లేవకపోవచ్చు. బీపీ పడిపోతోంది, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, యూరిన్ రావట్లేదు అంటే నంబర్ కోసం కూర్చోకూడదు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) చికిత్స మీద డాక్టర్లకిచ్చే 2021 సర్వైవింగ్ సెప్సిస్ గైడ్‌లైన్స్ కూడా యాంటీబయోటిక్ మొదలుపెట్టడానికి పీసీటీని ఆధారం చేసుకోవద్దనే సూచించాయి. పీసీటీ బాగా పనికొచ్చేది యాంటీబయోటిక్ ఆపడానికి: పేషెంట్ కోలుకుంటూ, పీసీటీ 0.5 కిందకొస్తేనో, పీక్ నుంచి 80 శాతం తగ్గితేనో మందు ఆపే ఆలోచన చేయొచ్చు.

అపోహ: ఇవన్నీ చేశాం కదా, మళ్ళీ బ్లడ్ కల్చర్ దేనికి, 5 రోజులు ఎవరాగుతారు?

బ్లడ్ కల్చర్ అంటే రక్తాన్ని బాటిల్‌లో వేసి బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడటం. 5 రోజులనేది నెగెటివ్ అని తేల్చడానికి. పాజిటివ్ అయ్యేవి చాలావరకు 48 గంటల్లోపే మెషిన్‌లో మోగుతాయి, బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి బాటిల్ అడుగున ఉన్న సెన్సార్ రంగు మారుతుంది. ఏ బ్యాక్టీరియా, ఏ మందుకి లొంగుతుంది అనేది చెప్పేది కల్చరే, సీఆర్పీ, పీసీటీ లాంటి ఏ మార్కరూ చెప్పలేదు. పెద్దవాళ్ళకి ఒక్కో బాటిల్‌కి 8-10 ఎంఎల్ రక్తం కావాలి, మాకేమో 3 ఎంఎల్‌తో వస్తాయి, అదీ రెండు డోసులు యాంటీబయోటిక్ పడ్డాక! పేషెంట్ మరీ సీరియస్‌గా లేకపోతే ముందు రెండు చేతుల నుంచి రెండు సెట్లు తీసి అప్పుడు ఇంజక్షన్ ఇవ్వండి బాబూ.

అపోహ: విడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడే.

మన దగ్గర జ్వరమొస్తే ముందు రాసేది ఇదే కదా. టైఫాయిడ్ కూడా రక్తంలో ఉండే బ్యాక్టీరియానే, కానీ విడాల్ చూసేది యాంటీబాడీలని, అవి రెండో వారానికి గానీ సరిగ్గా లేవవు, పైగా ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కీ పాజిటివ్ చూపించొచ్చు. మొదటి వారంలో అయితే కల్చరే అడగండి.