అజుమా నెల్సన్ కెరీర్: అపోహలు - వాస్తవాలు

"అమెచ్యూర్ ఎందుకు సార్, నేరుగా ప్రొఫెషనల్ అయిపోతా" అనే కుర్రాళ్లు మా బాక్సింగ్ శిక్షణకు తరచుగా వస్తుంటారు. వాళ్లకు ఘనా బాక్సర్ అజుమా నెల్సన్ గురించి చెబుతుంటాను.

అపోహ: అమెచ్యూర్ పోటీలు ఉత్త ప్రాక్టీసే.

వాస్తవం: నెల్సన్ 1978లో ఎడ్మంటన్ కామన్వెల్త్ క్రీడల్లోనూ, అల్జీర్స్ ఆఫ్రికా క్రీడల్లోనూ ఫెదర్‌వెయిట్ (సుమారు 57 కిలోల బరువు విభాగం) స్వర్ణాలు గెలిచాడు. ఉండేవి మూడే రౌండ్లు. మొదటిది పోతే కోలుకునే సమయం ఉండదు, కాబట్టి ఎదుటివాడి ఆట వెంటనే పట్టేయాలి. హెడ్‌గార్డ్ తప్పనిసరి కాని రోజులవి. ముఖానికి అడ్డుగా ఉంచిన చేతులు దించితే దెబ్బ నేరుగా ముఖానికే.

అపోహ: పెద్ద పోరులో ఓడితే కెరీర్ అయిపోయినట్టే.

వాస్తవం: 1982 జులైలో మెక్సికో ఛాంపియన్ సాల్వడార్ సాంచెజ్‌తో తలపడాల్సిన బాక్సర్ తప్పుకోవడంతో, సుమారు రెండు వారాల ముందు నెల్సన్‌కు పిలుపొచ్చింది. అప్పటికి ప్రొఫెషనల్‌గా ఆడినవి 13 పోటీలే. అమెరికాలో అతనెవరో పెద్దగా తెలియదు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఆ కాలపు గొప్ప ఛాంపియన్లలో ఒకడిని చివరిదైన 15వ రౌండ్ దాకా లాక్కెళ్లి, అక్కడ ఓడాడు. గెలిచిన సాంచెజ్ మూడు వారాలకే కారు ప్రమాదంలో చనిపోయాడు. నెల్సన్‌ను బాక్సింగ్ లోకం గుర్తించింది ఆ ఓటమితోనే. 1984 డిసెంబరులో విల్‌ఫ్రెడో గోమెజ్‌ను అతని సొంతగడ్డ ప్యూర్టో రికోలోనే 11వ రౌండ్లో నాకౌట్ చేసి డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) ఫెదర్‌వెయిట్ టైటిల్ పట్టేశాడు. నా విద్యార్థులకు ముందు సాంచెజ్ పోరు చూపిస్తాను, గోమెజ్‌ది తర్వాతే.

అపోహ: ఆఫ్రికా బాక్సర్ల బలమంతా కండలోనే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. నెల్సన్‌కు రింగులో ఉన్న పేరే 'ప్రొఫెసర్'. ప్రత్యర్థులకు పాఠం చెప్పినట్టు ఆడేవాడని ఆ పేరు.

అపోహ: ఆస్ట్రేలియా బాక్సర్ జెఫ్ ఫెనెక్ మీద నెల్సన్ ఎప్పుడూ ఓడలేదు.

వాస్తవం: 1991లో లాస్ వెగాస్ పోరును డ్రా అన్నారు. నా లెక్కలోనూ అది ఫెనెక్‌దే. 2022లో డబ్ల్యూబీసీ కూడా ఫలితం మార్చి అతన్నే విజేతగా ప్రకటించింది. అంతకుముందు, 2008లో, రిటైరైన ఇద్దరూ మళ్లీ తలపడినప్పుడూ ఫెనెకే గెలిచాడు. కానీ 1992 మార్చిలో మెల్‌బోర్న్‌లో, ఫెనెక్ సొంత అభిమానుల ముందు, 33 ఏళ్ల నెల్సన్ అతన్ని ఎనిమిదో రౌండ్లోనే ఆపేశాడు.